మంత్రాలు పనిచేసే ఊళ్లో హంతకుడు ఎలా దొరుకుతాడు?

పోయిన నెల ఈ శీర్షికలో ఓ చిన్న పేరా రాశాను. పాతకాలపు ఇంగ్లండు, అక్కడ మంత్రాలు నిజంగానే పనిచేస్తాయి, మొదటి అధ్యాయంలోనే ఒక శవం, ఆ గుట్టు విప్పే పనిలో పడి ఒకరి మీద ఒకరు మనసు పారేసుకునే ఇద్దరు మగవాళ్లు. ఇవన్నీ కలిసిన నవలలు ఈ మధ్య వరసపెట్టి చదువుతున్నానని, నిద్ర చెడుతోందని చెప్పాను. అంతే. నెలకు పది ఉత్తరాలు వస్తే గొప్ప అనుకునే శీర్షికకు ఈసారి సంచి నిండింది. కొందరు మెచ్చుకున్నారు, కొందరు తిట్టారు, ఒకాయన చందా మానేస్తానన్నారు. (ఒక్క నెల ఓపిక పట్టండి, వచ్చేసారి వేరే విషయం.)

నేను విమర్శకురాలిని కాను. ముప్పై రెండేళ్లు ప్రూఫులు దిద్ది బతికినదాన్ని. చేతిలో పెన్సిల్ లేకపోతే చదివినట్టే ఉండదు. డిటెక్టివ్ నవలైతే మరీను. క్లూ అనిపించిన చోటల్లా మార్జిన్‌లో చుక్క పెడతాను, తప్పు అనిపిస్తే సున్నా చుడతాను, కథ అయ్యాక వెనక్కి వెళ్లి లెక్కపెట్టుకుంటాను. అందుకని నా జవాబుల్లో సాహిత్య సిద్ధాంతం తక్కువ, తప్పులు పట్టే బుద్ధి ఎక్కువ.

ప్రశ్న: మంత్రాలు ఉన్నాక ఇక అపరాధ పరిశోధన దేనికండీ? చచ్చినవాడి ఆత్మను పిలిచి 'నిన్నెవరు చంపారు' అని అడిగితే రెండో పేజీలోనే కథ అయిపోతుంది కదా? (ఒక ఇంజనీరింగ్ విద్యార్థి)

ఈ బెంగ మీకంటే ముందు ఓ ఫాదర్‌కు వచ్చింది. రోనాల్డ్ నాక్స్ అనే ఆ కేథలిక్ మతగురువు డిటెక్టివ్ నవలలు కూడా రాసేవాడు. 1929లో ఆయన ఇలాంటి కథలకు పది ఆజ్ఞలు రాశాడు. అందులో రెండోది, మానవాతీత శక్తులు ససేమిరా పనికిరావని. ఆ మరుసటి ఏడాది లండన్‌లో డిటెక్టివ్ రచయితలు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. అందులో చేరేవాళ్లు దైవవాణి, గారడీ, కాకతాళీయం లాంటివాటి మీద ఆధారపడి కేసు తేల్చబోమని ప్రమాణం చేయాలి. అద్భుతాలను నమ్మే ఫాదరే కథలో అద్భుతాలు వద్దన్నాడంటే ఎంత విసిగిపోయి ఉంటాడో చూడండి.

నాకు అర్థమైనంతవరకు ఆయన పోట్లాట మంత్రంతో కాదు, మోసంతో. పాఠకుడికి చెప్పని శక్తిని చివరి అధ్యాయంలో జేబులోంచి తీస్తే అది మోసం. అదే శక్తిని శవం పడకముందే చూపించి, ఎంతవరకు పనిచేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పేస్తే? అప్పుడది రైళ్ల టైంటేబుల్ లాంటిది. హంతకుడికీ తెలుసు, డిటెక్టివ్‌కూ తెలుసు, మీకూ తెలుసు. ఆత్మను పిలవచ్చు, కానీ బతికుండగా కళ్లతో చూసిందే చెప్పగలదు అని పెట్టారనుకోండి. వెనకనుంచి పొడిచిన కేసులో ఆ ఆత్మ ఏం చెప్తుంది? లేదా ఆత్మ అబద్ధమాడదు, కానీ అడిగినదానికే జవాబిస్తుంది. అలాంటప్పుడు ఏం అడగాలో తెలిసినవాడే డిటెక్టివ్.

మంత్రంతో నేరం తేల్చడం కల్పన అనుకుంటాం గానీ, మనుషులు నిజంగానే ఆ పని చేశారు. హంతకుడు ముట్టుకుంటే శవం నెత్తురు కారుస్తుందని యూరప్‌లో వందల ఏళ్లు నమ్మారు. స్కాట్లండ్ రాజు జేమ్స్, తర్వాత ఇంగ్లండును కూడా ఏలినవాడు, 1597లో దయ్యాల విద్య మీద తానే రాసిన పుస్తకంలో ఆ మాట అన్నాడు. 1688లో ఫిలిప్ స్టాన్స్‌ఫీల్డ్ అనే అతన్ని తండ్రిని చంపాడని ఎడింబరోలో ఉరితీశారు. అతను శవాన్ని ఎత్తడానికి చేయి వేయగానే నెత్తురు కారిందన్నది కోర్టులో అతని మీద చెప్పిన సాక్ష్యాల్లో ఒకటి. అయితే ఆ చేయి వేయడానికి కాస్త ముందే డాక్టర్లు మెడ దగ్గర కోసి చూసి, మళ్లీ కుట్టారు. నెత్తురు ఎక్కణ్ణుంచి వచ్చి ఉంటుందో మీకూ నాకూ తెలుస్తూనే ఉంది. నా పెన్సిల్ అక్కడ పెద్ద చుక్కే పెట్టింది.

ఇంకోటి, జల్లెడ. పల్లెల్లో పోయిన వస్తువులు చెప్పే మంత్రగాళ్లు జల్లెడ అంచుకు కత్తెర గుచ్చి, ఇద్దరిచేత చెరోవైపు వేలితో పట్టించి, అనుమానం ఉన్నవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివేవారు. దొంగ పేరు రాగానే జల్లెడ తిరుగుతుందని నమ్మకం. ఇందులో ఒక డిటెక్టివ్ నవల తయారుగా కూర్చుని ఉంది. జల్లెడ తిరిగిందా లేదా అన్నది వదిలేయండి. ఎవరి వేలు కదిలింది? పేర్ల జాబితా రాసింది ఎవరు? అందులో ఎవరి పేరు లేదు?

ప్రశ్న: మంత్రం సరే, హత్య సరే. మధ్యలో ఇద్దరు మగవాళ్ల ప్రేమ దేనికి, అతికించినట్టు? ఇప్పుడు అదో ఫ్యాషన్ అనా? (రిటైర్డ్ టీచర్‌నని రాసుకున్న పాఠకుడు)

మాస్టారూ, అతికించినవీ ఉన్నాయి, ఒప్పుకుంటాను. రెండొందల పేజీలు ఎవరి పని వాళ్లు చేసుకుంటూ పోయి చివర్లో గుర్తొచ్చినట్టు ముద్దు పెట్టుకుంటారు. వాటిని పక్కన పెడదాం. బాగా కుదిరిన నవలలో మాత్రం ఆ ప్రేమను తీసేస్తే హత్య కేసు కూలిపోతుంది.

ఒక రాత్రి హత్య జరిగింది. ఒకతని మీద అనుమానం వచ్చింది. రాత్రి పదకొండు నుంచి తెల్లారేదాకా ఎక్కడున్నావని పోలీసు అడుగుతున్నాడు. అతను చంపలేదు. తన ప్రియుడి గదిలో ఉన్నాడు. ఆ మాట చెప్తే హత్య కేసులోంచి బయటపడి ఇంకో కేసులో పడతాడు, తనతోపాటు ఆ రెండోవాణ్ణీ లాగుతాడు. చెప్పకపోతే ఉరికొయ్య. ఆడా మగా అయితే పోయేది పరువు. ఇక్కడ సాక్ష్యమే నేరాంగీకారం.

ఇదేం అతిశయోక్తి కాదు. ఇంగ్లండులో 1533 నాటి చట్టం మగవాళ్ల మధ్య శారీరక సంబంధానికి మరణశిక్ష రాసింది. 1835 నవంబరులో జేమ్స్ ప్రాట్, జాన్ స్మిత్ అనే ఇద్దర్ని లండన్‌లో న్యూగేట్ జైలు ముందు ఉరితీశారు. అక్కడ ఆ నేరానికి అవే చివరి ఉరులు. వాళ్లమీద సాక్ష్యం ఏమిటి? ఇంటి యజమాని, అతని భార్య తాళం కన్నంలోంచి చూశామన్నారు. 1861లో ఉరి పోయి ఏళ్ల తరబడి జైలు వచ్చింది. 1885లో వల ఇంకా వెడల్పయింది. 'తీవ్రమైన అసభ్య ప్రవర్తన' అన్న మాటలో మగవాళ్ల మధ్య దేన్నయినా ఇరికించవచ్చు. నాలుగు గోడల మధ్య జరిగినా సరే, రెండేళ్ల దాకా కఠిన శిక్ష. 1895లో రచయిత ఆస్కార్ వైల్డ్‌కు పడింది ఆ రెండేళ్లే, ఒక్కరోజు తగ్గకుండా. ఆ సెక్షన్‌కు బ్లాక్‌మెయిలర్ల హక్కుపత్రం అని పేరొచ్చిందంటే ఎవరికి ఉపయోగపడిందో తెలుస్తుంది. 1967లో గానీ ఇంగ్లండులో ఇది నేరం కాకుండా పోలేదు, అదీ ఇరవై ఒక్కేళ్లు నిండాలి, ఏకాంతంలో ఉండాలి అన్న షరతులతో. ఆ పాత చట్టం తోబుట్టువు ఒకటి 1860లో 377వ సెక్షన్‌గా మన శిక్షాస్మృతిలోనూ చేరింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని కట్టడి చేసేదాకా మీరూ నేనూ దాని కిందే ఉన్నాం.

ఇప్పుడు మళ్లీ నవలలోకి రండి. మామూలు డిటెక్టివ్ కథలో దోషి అబద్ధాలాడతాడు. ఇక్కడ నిర్దోషి అంతకంటే ఎక్కువ అబద్ధాలాడాలి, ఇంకా బాగా ఆడాలి. డిటెక్టివ్‌కు ఆ అబద్ధం దొరుకుతుంది. హత్య దొరికిందనుకుంటాడు. ఇక ఆ డిటెక్టివే ప్రేమలో ఉన్న ఇద్దరిలో ఒకడైతే చెప్పేదేముంది? డైరీలో ఏ పేజీ ఉంచాలి, ఏ పేజీ చింపాలి అన్నది కూడా సస్పెన్సే.

నిజజీవితంలో కూడా ఇలాగే ఒకటి వెతకబోతే ఇంకోటి దొరికింది. 1889లో లండన్‌లో టెలిగ్రాఫ్ ఆఫీసులో డబ్బు పోయిందని విచారణ జరుగుతోంది. ఓ కుర్రాడి దగ్గర తన జీతంతో పొసగని డబ్బు కనిపించింది. నిలదీస్తే అది దొంగసొమ్ము కాదని తేలింది. క్లీవ్‌లాండ్ స్ట్రీట్‌లో ఓ ఇంటికి మగవాళ్లు రహస్యంగా వస్తారని, అక్కడ సంపాదించానని చెప్పాడు. ఆ దారం పట్టుకుని లాగితే పెద్ద పెద్ద లార్డుల దాకా వెళ్లింది, ఒకాయన దేశమే వదిలిపోయాడు. ఆ కుర్రాడి జేబులో ఉన్న కాసిని నాణేలే మొత్తానికి మొదలు.

ఒక్క ఫిర్యాదు ఉంది మాస్టారూ, నా వైపు నుంచి. ఈ నవలల్లో చచ్చేవాడు ఎక్కువసార్లు బ్లాక్‌మెయిలరే. మొదట్లో బాగుండేది, ఇప్పుడు శవం డెస్కులో ఉత్తరాల కట్ట కనపడగానే ఆవలింత వస్తోంది. వాడు చస్తే పాఠకుడు ఏడవనక్కర్లేదు, అందుకే రచయితలకు సులువు. ఒక మంచిమనిషిని చంపమనండి చూద్దాం.

ప్రశ్న: 1890లో జరిగే నవలలో హంతకుణ్ణి వేలిముద్రతో పట్టేశారు. మీరు చుక్క పెట్టారా, సున్నా చుట్టారా? (పేరు రాయని పాఠకుడు)

సున్నాయే. స్కాట్లండ్ యార్డులో వేలిముద్రల విభాగం వచ్చింది 1901లో. బ్రిటన్‌లో వేలిముద్ర ఆధారంగా హత్యకేసులో మొదట శిక్ష పడింది 1905లో, స్ట్రాటన్ అన్నదమ్ములకు. మంత్రంతో ముద్ర పైకి తేల్చానని రాసుంటే మాట్లాడకుండా ఊరుకునేదాన్ని.

విషం విషయంలో ఇలాంటి తప్పులు ఇంకా ఎక్కువ. పాషాణం, అంటే ఆర్సెనిక్, శరీరంలో ఉందో లేదో గట్టిగా తేల్చే పరీక్షను జేమ్స్ మార్ష్ 1836లో ప్రకటించాడు. దాని వెనక ఓ కసి ఉంది. 1832లో ఓ మనవడు తాతను పాషాణంతో చంపాడన్న కేసులో మార్ష్ పాత పద్ధతిలో పరీక్ష చేశాడు, విషం ఉందని తేల్చాడు. కోర్టులో చూపించే వేళకు నమూనా చెడిపోయింది, జ్యూరీ నమ్మలేదు, మనవడు బయటపడ్డాడు, తర్వాత నేనే చంపానని ఒప్పుకున్నాడు కూడా. ఆ అవమానంలోంచి పుట్టింది మార్ష్ పరీక్ష. 1851 నుంచి పాషాణం అమ్మే షాపువాడు కొన్నవాళ్ల వివరాలు పుస్తకంలో ఎక్కించాలి, చిల్లరగా అమ్మేటప్పుడు మసో నీలిరంగో కలపాలి. కాబట్టి మీ నవల 1830లో జరుగుతోందా 1855లోనా అన్నది క్యాలెండర్ విషయం కాదు, హంతకుడి పథకమే మారిపోతుంది.

ప్రశ్న: ఆ రోజుల్లో మంత్రగాళ్లను తగలబెట్టేసేవారు కదా? మరి ఈ నవలల్లో మంత్రగాడు పోలీసులతో కలిసి ఎలా తిరుగుతాడు? (ఒక గృహిణి)

ఇంగ్లండులో మంత్రగత్తెలని ముద్రవేసినవాళ్లను తగలబెట్టలేదమ్మా, ఉరితీశారు. స్కాట్లండ్‌లో గొంతు బిగించి చంపి ఆ తర్వాత కాల్చేవారు. ఆ తేడా చాలామంది రచయితలకే తెలియదు.

మీ ప్రశ్నకు అసలు జవాబు 1735 చట్టంలో ఉంది. ఆ ఏడు బ్రిటన్‌లో చట్టం తలకిందులైంది. మంత్రవిద్య నేరం అన్నది పోయి, మంత్రవిద్య ఉన్నట్టు నటించడం నేరమైంది. ఏడాది దాకా జైలు. నాకు ఈ చట్టమంటే ఎంత ఇష్టమో చెప్పలేను. మంత్రాలు నిజంగా పనిచేసే లోకంలో ఈ చట్టాన్ని అలాగే ఉంచండి, తమాషా చూడండి. బోనులో నిలబడ్డ మంత్రగాడు తప్పించుకోవాలంటే తన మంత్రం నిజమని జడ్జి ముందు నిరూపించాలి! 1944లో హెలెన్ డంకన్ అనే ఆవిడకు, ఆత్మలతో మాట్లాడిస్తాననే ఆవిడకు, ఈ చట్టం కిందే తొమ్మిది నెలల జైలు పడింది. కావాలంటే కోర్టులోనే చేసి చూపిస్తామని ఆమె తరఫువాళ్లు అన్నారు, అది జరగలేదు. ఆ చట్టం 1951 దాకా బతికుంది.

ఈ చట్టాన్నీ, పైన మాస్టారికి చెప్పిన 1885 నాటి చట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాని కింద, లేనిది ఉన్నట్టు చెప్పుకుంటే జైలు. ఇంకోదాని కింద, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే జైలు. ఒక మంత్రగాడు, అతన్ని ప్రేమించిన ఓ ఇన్‌స్పెక్టరు ఈ రెంటి మధ్య ఇరుక్కుంటే రచయిత కొత్తగా కష్టాలు కల్పించనక్కర్లేదు.

మంత్రాల సామాను కావాలంటే పాత ఇళ్లలోనే బోలెడు దొరికింది. పొయ్యి పక్క గోడల్లో, పైకప్పు కింద దాచిన పాత బూట్లు ఎన్ని బయటపడ్డాయంటే నార్తాంప్టన్ మ్యూజియం వాటికి ఒక జాబితాయే నడుపుతోంది. చెడు లోపలికి రాకుండా దాచారని అంటారు. మూత్రం, గుండుసూదులు పోసి పూడ్చిన సీసాలు మరో రకం. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో జాన్ డీ అనే పండితుడిదని చెప్పే నల్లరాతి అద్దం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ రాయి మెక్సికోది. అది సముద్రం దాటి ఒక మంత్రవేత్త బల్ల మీదికి చేరేలోపు ఎన్ని చేతులు మారిందో, అందులో ఎన్ని చేతులకు నెత్తురు అంటిందో మీరే ఊహించుకోండి.

ప్రశ్న: ఇలాంటి నవల తెలుగులో రాయాలని ఉంది. ఇంగ్లండు నేపథ్యమే, కానీ రాసేది తెలుగులో. ఎక్కడ మొదలుపెట్టమంటారు? (ఒక వర్ధమాన రచయిత)

క్రియాపదం దగ్గర.

నవ్వకండి. ఇంగ్లిషులో 'మర్డరర్' అంటే ఆడో మగో తెలియదు. మనం 'హంతకుడు' అనగానే అనుమానితుల్లో సగంమంది లేచి ఇంటికి వెళ్లిపోతారు. 'తలుపు తోసుకుని వచ్చాడు' అన్నా తెలిసిపోతుంది, 'వచ్చింది' అన్నా తెలిసిపోతుంది. మన పాత డిటెక్టివ్ నవలల్లో నల్లటి ఆకారాలు, నీడలు అన్నేసి ఎందుకు తిరిగేవనుకున్నారు? ఆకారం 'వచ్చింది' అనవచ్చు, ఆడదో మగవాడో చెప్పనక్కర్లేదు. ఆ నీడలు ఇప్పుడు అరిగిపోయాయి. మీకు ఇంకో దారి ఉంది, గౌరవం. 'ఎవరో వచ్చారు' అంటే ఒకరో ఇద్దరో, ఆడో మగో ఏదీ తేలదు. 'చంపినవాళ్లు' కూడా అంతే. మర్యాద చాటున హంతకుణ్ణి మూడొందల పేజీలు దాచవచ్చు.

ఇక ప్రేమలేఖ. శవం కోటు జేబులో ఒక ఉత్తరం దొరికిందనుకోండి. పాత్రలు ఇంగ్లిషువాళ్లే అయినా చదివే మనిషి ముందు ఉన్నది మీ తెలుగే. నేను, నువ్వు అన్నంతసేపు తెలుగు క్రియ ఎవర్నీ పట్టివ్వదు. 'వస్తానన్నావు', 'కిటికీ దగ్గరే నిలబడ్డాను', 'నీ మాట నమ్మాను'. రాసిందెవరో, ఎవరికో చెప్పండి చూద్దాం. చెప్పలేరు. కానీ 'ఎంత మంచివాడివి' అని ఒక్కసారి జారితే సగం గుట్టు పోయింది. 'నేనొక పిచ్చివాణ్ణి' అంటే మిగతా సగమూ పోయింది. నేనైతే కేసంతా ఆ ఉత్తరం మీదే నడిపిస్తాను. రాసింది ఆడమనిషే అనుకుని పోలీసులు చుట్టుపక్కల ఆడవాళ్లందర్నీ ప్రశ్నలతో చంపుకు తింటారు. ఒక్కడికి మాత్రం, 'నేనొక పిచ్చి...' అని రాయబోయి కొట్టేసి, 'పిచ్చి నాది' అని ఎందుకు దిద్దారో అర్థమవుతుంది. ఎందుకంటే అతనూ అలా దిద్దుకుని రాసినవాడే.

మన దగ్గర ఇంకో ఆస్తి ఉంది. మీరు, నువ్వు. ఇప్పటి ఇంగ్లిషుకు ఆ భాగ్యం లేదు. ఎస్టేటు యజమాని, కానిస్టేబులు అనుకోండి ఆ ఇద్దరూ. కానిస్టేబులు 'మీరు' నుంచి 'నువ్వు'లోకి ఏ పేజీలో జారతాడో ముందే నిర్ణయించుకోండి. ముద్దు కంటే అదే ముఖ్యం. ఆ తర్వాత పదిమంది ముందు మళ్లీ 'మీరు' అనాలి. ఒక్కసారి నోరు జారి 'నువ్వెక్కడికీ వెళ్లకు' అన్నాడో, ఆ గదిలో చెవులున్న మనిషికి అంతకంటే క్లూ అక్కర్లేదు.

మాటల దగ్గర ఇంకొంచెం జాగ్రత్త. 'హోమోసెక్సువల్' అన్న మాటే 1869లో జర్మన్‌లో అచ్చయింది, ఇంగ్లిషులోకి వచ్చేసరికి 1890లు. 'గే రొమాన్స్' అని అట్ట మీద వేసుకోండి, లోపల 1850 నాటి మనిషి నోట్లో పెట్టకండి. తనకేమవుతోందో చెప్పుకోవడానికి మాట లేని మనిషి ఎంత తడబడతాడో రాయండి. 1720ల లండన్ అయితే 'మాలీ' అన్న మాట ఉండేది, వాళ్లు కలుసుకునే ఇళ్లను మాలీ హౌసులనేవారు. మదర్ క్లాప్ అని పిలిచే ఆవిడ నడిపిన అలాంటి ఇంటి మీద 1726లో దాడి చేశారు, ఆ ఏడే ముగ్గుర్ని ఉరితీశారు. మంత్రాలకు కూడా అంతే. చేతబడి, బాణామతి అని రాస్తే మీ ఇంగ్లండు పల్లె ఆ వాక్యంలోనే మాయమైపోతుంది. 'మంత్రం' చాలు.

ప్రశ్న: అన్ని శిక్షలున్న కాలంలో చివరికి ఇద్దరూ కలిసి హాయిగా బతికారని రాయడం చరిత్రకు అన్యాయం కాదా? (ఒక చరిత్ర లెక్చరర్)

మీకు తెలియనిది కాదు, కోర్టు కాగితాల్లో ఉండేది దొరికిపోయినవాళ్లే. దొరకనివాళ్లు కాగితం మిగల్చలేదు, మిగిల్చినా దాచారు. యార్క్‌షైర్‌లో ఆన్ లిస్టర్ అనే భూస్వామినికి ఆడవాళ్లంటే ప్రేమ. గ్రీకు అక్షరాలూ గణిత చిహ్నాలూ కలిపి సొంత లిపి కట్టుకుని డైరీలో ఆ భాగాలన్నీ అందులో రాసుకుంది. 1840లో చనిపోయింది. 19వ శతాబ్దం చివర్లో ఆ వంశంలోవాడు, ఓ స్నేహితుడితో కలిసి ఆ లిపి విప్పాడు. చదివి బెదిరిపోయిన స్నేహితుడు తగలబెట్టెయ్యమన్నాడు. ఇతను తగలబెట్టలేదు, ఇంట్లో చెక్క పలకల వెనక దాచేశాడు. దాచబట్టే ఈరోజు మనకు తెలిసింది. (ఇంగ్లండు చట్టం ఆడవాళ్ల జోలికి రాలేదు, అయినా ఇంత భయం.)

ఇంకోటి, ఇంగ్లిషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1913, 1914లో 'మారిస్' అనే నవల రాసినప్పుడు ఆ ఇద్దరు మగవాళ్లు విడిపోకూడదని పట్టుబట్టాడు. విడిపోయి ఒకడు చచ్చిపోతే బహుశా అచ్చువేయడం తేలికయ్యేది. కలిసి బతికారని రాసినందుకు ఆ పుస్తకం 1971 దాకా, ఆయన పోయేదాకా బయటికి రాలేదు. కాబట్టి సుఖాంతం చరిత్రకు అన్యాయమో కాదో గానీ, చరిత్రకు అది ఇష్టం లేదు. నేను మాత్రం ఒక్కటే చూస్తాను. ఆ ఇద్దరూ ఏ ఇంట్లో ఉంటారు, పనిమనిషికి ఏం చెప్తారు, ఎన్ని పక్కలు వేస్తారు, ఉత్తరాలు ఏ పేరున వస్తాయి, ఇవి రాస్తే నమ్ముతాను. సూర్యాస్తమయంలోకి నడిచిపోతే సున్నా చుడతాను.

ప్రశ్న: ఒక నవలలో మధ్యలో హత్య సంగతే మర్చిపోయారు. ఎనభై పేజీలు చూపులూ నిట్టూర్పులూనే. ఏం చెయ్యాలి? (ఒక పాఠకురాలు)

ఆ ఎనభై పేజీలు నాకు పంపండి.

ప్రశ్న: నా పేరు వేయకండి. ఈ నవలలకు పాత క్యాలెండర్ కాగితంతో అట్ట వేసుకుని చదువుతాను. నాకెందుకు నచ్చుతాయో నాకు తెలుసు. మీకెందుకు నచ్చుతాయి?

ఇరవై ఆరేళ్ల కిందట ఓ చిన్న నవల ప్రూఫులకు వచ్చింది. రచయిత అప్పటికి ఎవరికీ తెలియని మనిషి. కథలో ఒకతను జబ్బుపడి అద్దెగదిలో చనిపోతాడు. ఆఖరి పేజీలో ఒక వాక్యం, 'ఆ నాలుగు నెలలూ అతను ఎదురుచూసింది అతనికోసమే' అని ఉంది. ఒకే వాక్యంలో రెండు 'అతను'లు. కంపోజింగ్‌లో పొరపాటు అనుకున్నాను. కథలో ఒక మేనమరదలు రెండుసార్లు కనిపిస్తుంది, ఆమే అయి ఉంటుందని పెన్సిల్‌తో 'ఆమెకోసమే' అని దిద్దాను. రచయితను అడగాలని కూడా తోచలేదు. అలాగే అచ్చయింది.

పుస్తకం వచ్చిన పదిరోజులకు నా పేరున పోస్టుకార్డు వచ్చింది. తప్పొప్పుల పట్టికలో రాసినట్టు ఒకే వరుస. 'పుట 61, వరుస 9: ఆమెకోసమే అన్నచోట అతనికోసమే అని చదువుకోవాలి.' తిట్టు లేదు, సంతకం లేదు.

ఆ రాత్రి పుస్తకం మొదటినుంచి మళ్లీ చదివాను, ఈసారి చుక్కలు పెడుతూ. వంతులవారీగా ఇద్దరూ వేసుకునే ఒకే కోటు. గదిలో రెండో దువ్వెన. డాక్టరు అడిగితే 'మా ఊరివాడు' అని చెప్పిన అబద్ధం. ఎవరికో తెలియకుండా నేను, నువ్వు అని మాత్రమే రాసిన రెండు ఉత్తరాలు. మొత్తం పదకొండు చుక్కలు. ఆ పదకొండూ నా చేతిమీదుగా, నా పెన్సిల్ కిందుగా వెళ్లినవే. ఆ రచయిత ఏ డిటెక్టివ్ రచయితకూ తీసిపోకుండా న్యాయంగా ఆధారాలన్నీ ముందు పెట్టాడు. నాకు ఒక్కటీ కనపడలేదు, కనపడిన ఒక్కదాన్నీ చెరిపేశాను.

మర్నాడు పబ్లిషర్‌తో చెప్పాను, సవరణ చీటీ అచ్చువేసి మిగిలిన కాపీల్లో పెడదామని. ఒక్క మాటకు చీటీ దేనికి, రెండో ముద్రణలో దిద్దుదాం అన్నారు.

రెండో ముద్రణ రాలేదు.